హారతి పళ్ళెం

"ముందు ఆ సీసాకు మూత పెట్టు. చెంగయ్య పని చేయబాక," అని దామోదరం తన జూనియర్ పంకజాక్షిని కసిరాడు.

ఆ కెమిస్ట్రీ లేబరేటరీలో అదొక తిట్టు.

చెంగయ్య అక్కడ ఎప్పుడో రీసెర్చి చేసినవాడు. ఒక ఆయుధ పూజ నాడు ఈథర్ డబ్బాకు మూత పెట్టడం మరిచి, తోటివాళ్ళిద్దరి ప్రాణాలు మంటలకు అప్పగించినవాడు. ఆ తర్వాత ఎవరికీ మొహం చూపించలేదంటారు. అతణ్ణి ఎరిగినవాళ్ళలో ప్రొఫెసర్ సుందరరాజు ఒక్కడే మిగిలాడు. అయినా ఎవరి చేతిలో గాజు పగిలినా, ఎవరి చొక్కా మీద యాసిడ్ పడినా తిట్లు మాత్రం చెంగయ్యకే. ఎదుట లేనివాడి మీద ఎంత మోపినా అడిగేవాడుండడు కదా.

ఇవాళ మళ్ళీ ఆయుధ పూజ.

బల్లలకు అరటి పిలకలు కట్టారు. తరాజులకు, గాజు కుప్పెలకు, స్టాండు కడ్డీలకు, ఆఖరికి మంటలార్పే ఇసుక బకెట్టుకు కూడా కుంకుమ బొట్లు పెట్టారు.

ఈసారి హారతి దామోదరం చేతి మీదుగా. పొద్దున ప్రొఫెసర్ పిలిచి వెండి పళ్ళెం అందించాడు.

"జాగ్రత్త నాయనా. మా అమ్మ నాటిది."

థీసిస్ ఇచ్చే నెలలో ప్రొఫెసర్ నోట 'నాయనా' అనిపించుకోవడమంటే మాటలా? దామోదరం కాళ్ళు నేల మీద నిలవలేదు.

కిటికీలన్నీ మూయించాడు. ఫాన్లు ఆపించాడు. గాలికి హారతి ఆరితే అపశకునం.

గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చి నిలబడ్డాడు. మాసిన పంచె, తలకు తుండు, ఎడమ చేతికి గుడ్డ చుట్టుకున్నాడు.

"కిటికీలు మూసినారేంటికప్పా?"

"హారతి ఆరిపోతాదని. నీకేం కావాల?"

"తెరిపించప్పా. లోపల మనుషులుండారు."

"ప్రసాదం కావాలంటే మెట్ల కాడ కూర్చో. ఈడ నిలబడబాక."

ఆ మనిషి ముక్కు ఎగబీల్చాడు. "నీకు వాసన రాలేదా?"

"చామంతిపూల వాసన బాగానే వస్తా ఉండాది. పక్కకు జరుగు."

కిందటి వారమే పక్క గదిలో ప్లాటినం గిన్నె పోయింది. ఇలాంటి సందడి దొంగలకే పెద్ద పండగ. దామోదరం పళ్ళేన్ని గుండెకు దగ్గరగా పట్టుకున్నాడు.

గుమ్మంలో విఘ్నేశ్వరుడి పటానికి హారతిచ్చి, అదే మంటతో లోపలికి పోయి యంత్రాలకు చూపడం అక్కడి ఆనవాయితీ. దామోదరం కర్పూరం వెలిగించి పటానికి తిప్పాడు. లోపల అందరూ చేతులు జోడించారు. అతను గడప దాటడానికి కాలెత్తాడు.

ఆ మనిషి అతని మీదికి దూకి పళ్ళెం లాక్కున్నాడు. మండే కర్పూరాన్ని అరచేత్తో అదిమిపెట్టి, పళ్ళెంతో సహా ఆవరణలోకి పరుగెత్తాడు.

"దొంగ, దొంగ. పట్టుకోండి," అని దామోదరం అరిచాడు. చేతికందిన స్టాండు కడ్డీ పట్టుకుని వెంటపడ్డాడు.

పక్క డిపార్టుమెంటు వాళ్ళు అడ్డం వచ్చి ఆ మనిషిని పడగొట్టారు. డొక్కలో తన్నారు. ఎవరో చెప్పు తీసి మొహం మీద కొట్టారు. నోటి నిండా రక్తం.

"కొట్టండప్పా, కొట్టండి," అన్నాడతను. "లోపలికి మాత్రం నిప్పు తీసకపోబాకండి. కిటికీలు..."

"ఇంగా కిటికీలంటాడు," అంటూ దామోదరం కడ్డీ ఎత్తి తల మీద కొట్టాడు. ఆ ఒక్క దెబ్బతో అతని కోపం తీరలేదు. మళ్ళీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

ఆ మనిషి ఇక కదల్లేదు.

దామోదరం పళ్ళెం తీసుకుని తన పంచెతో తుడిచాడు. ఎక్కడా సొట్ట పడలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు పంకజాక్షి గోడ పట్టుకుని తూలుతూ బయటికి వచ్చింది.

"అన్నా, లోపల అందరికీ తల తిరగతా ఉండాది. బల్ల కింద ఈథర్ డబ్బాకు మూత లేదు. ఇప్పుడే కిటికీలు తెరిచినాము. నువ్వు నిప్పుతో లోపలికి వచ్చుంటే మేమంతా..."

కొట్టినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

ఈథర్ ఎండ వేడికే ఆవిరై నేలబారున పాకుతుంది. నిప్పు కనబడితే గదంతా ఒక్కసారే అంటుకుంటుంది. రోజూ పీల్చే ముక్కులకు ఆ వాసన ఆనదు. బయటినుంచి వచ్చిన ముక్కుకు గుమ్మంలోనే తెలుస్తుంది.

"ఆ డబ్బా వాడిందెవరు?" అన్నారెవరో.

దామోదరం చెయ్యి దానంతట అదే చొక్కా జేబులోకి పోయింది. పొద్దున డబ్బాకు మూత తీసింది తనే. ప్రొఫెసర్ పిలిచాడని పరుగెత్తుతూ దాన్ని జేబులో వేసుకున్నదీ తనే. మూత అక్కడే ఉంది.

ప్రొఫెసర్ సుందరరాజు గుంపును తోసుకుంటూ వచ్చాడు. పడి ఉన్న మనిషి ఎడమ చేతి గుడ్డ ఊడిపోయింది. ఎప్పుడో కాలి, ఒకదానికొకటి అతుక్కుపోయిన వేళ్ళు.

ప్రొఫెసర్ నేల మీద కూలబడ్డాడు.

"ఏటా ఈ పొద్దు గేటు కాడ నిలబడి, ఎవరికీ ఏమీ కాలేదని చూసుకుని పోతా ఉంటివే," అన్నాడు. "లోపలికి రమ్మంటే ఎన్నడూ రాకపోతివే నాయనా."

నాయనా అన్నది తననే అనుకుని దామోదరం తలెత్తాడు. ప్రొఫెసర్ ఆ చితికిన తలను ఒళ్ళోకి తీసుకుని, "కళ్ళు తెరువు చెంగయ్యా," అంటున్నాడు.