తలుపు తీయని బండి

మందుపాతర పేలినా లోపలివాళ్లకు ఏమీ కాకూడదని, చర్ల క్యాంపు పోలీసు బండి అడుగున మెకానిక్ అద్నానే ఇంకో ఉక్కు రేకు వెల్డింగ్ చేశాడు. ఇంజన్ మాత్రం పాతదే. చీకటి పడుతూనే, ఆ బరువుకు బండి వాగు నడుమ ఇరుసుల దాకా దిగబడింది.

"ఇంక ఎయ్యి భాయ్ రేకులు!" అని డ్రైవర్ భద్రయ్య విసుక్కున్నాడు. అతని చూపంతా పక్క అద్దంలో కనిపిస్తున్న వెనక ఒడ్డు మీది రాయి పైనే ఉంది. వాగు దాటేవాళ్లెవరైనా దిగి, ఆ రాయి మీద ఒక పచ్చి ఆకు పెట్టాలి. అప్పుడే వాగు తల్లి దారి ఇస్తుంది. ఈ బండికి అద్దాలు దిగవు. అడవి దారిలో తలుపు తీయొద్దని ఆర్డరు.

"ఆకు పెట్టకుంటనే వచ్చినం. గా తల్లి ఊకుంటదా?"

"ఆకు పెడితే గింత ఇనుము లేస్తదా అన్నా?" పక్క సీట్లోంచి అద్నాన్ నవ్వాడు.

ఇంజన్ ఆగిపోయింది. కప్పల అరుపులు ఆగిపోయాయి. ఆఖరికి వాగు పారే చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు బండి లేచింది. కుదుపన్నదే లేదు. నిద్రపోతున్న బిడ్డను తల్లి ఉయ్యాల్లోంచి ఎత్తుకున్నట్టు, అన్ని టన్నుల ఇనుమూ మెల్లగా పైకి లేచి, అవతలి ఒడ్డున ఆనింది. అద్నాన్ నోట అల్లా పేరు దానంతటదే వచ్చింది.

"తలుపు తీసినవా?" భద్రయ్య అద్నాన్ వైపు తిరిగాడు.

"లేదన్నా. గడియ ఏసే ఉంది."

భద్రయ్య లోపలి లైటు వేశాడు. స్టీరింగ్ పక్కన, ఇద్దరి మధ్య, నీళ్లు కారుతున్న పచ్చి ఆకు ఒకటి ఉంది. రాయి మీద పెట్టినంత భక్తిగా, ఎవరో పెట్టి పోయారు.