నల్ల బొమ్మలు

గ్లోరియా కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. పెదవి చీలింది. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. తెల్లవారుజామున మొగుడు రిచర్డ్ రోకలితో కొట్టాడు. కొట్టి, ముఖం కడుక్కుని, బొగ్గుబావిలో మొదటి షిఫ్టు ఉందంటూ వెళ్లిపోయాడు.

ఫోను రాగానే హైదరాబాదులో రైలెక్కిన తమ్ముడు శాంతిరాజ్ గోదావరిఖని దవాఖానకు చేరేసరికి పన్నెండు దాటింది. అక్కను చూశాడు. ఏడుపు రాలేదు. రావాల్సిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

మంచం దగ్గర పక్క క్వార్టర్ పూలమ్మ ఉంది. ఫోను చేసింది ఆమే.

“మా ఆయన డ్యూటీకి బయలెల్లుతుండె తమ్మీ. అక్క ఒర్లుడు విని సైకిలు ఆడ్నే పారేసి ఉరికిండు. రోకలి గుంజుకున్నడు. లేకుంటే ఇయ్యాల అక్క దక్కకపోతుండె. సైకిలు వంగిపోతే నడుసుకుంటనే డ్యూటీకి పోయిండు.”

గ్లోరియా పెదవి కదిపింది. “రేపు పెద్దమనుషులు వస్తరట. సర్దుకపొమ్మని మళ్ల ఆ ఇంటికే తోలుతరు. ఈసారి చంపుతడురా.”

“ఆ చేతులు ఇగ లేవయి అక్కా,” అన్నాడు శాంతిరాజ్. అని బయటికి నడిచాడు.

ఇంతకుముందు ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. అతను చదివేది గ్రీకు కళ. బావి కార్మికుడి కొడుక్కి ఈ చదువేమిటని బంధువులు నవ్వితే, కోర్టు ముందున్న లావుపాటి స్తంభాలు చూపించి “ఇవి గ్రీకులు నేర్పినవే” అనేవాడు. బ్యాంకు గుమ్మం మీది ఆకుల తీగ చూపించి “ఇదీ వాళ్లదే” అనేవాడు. వినేవాళ్లు ఆవలించేవారు.

అతని పరిశోధన మాత్రం వాళ్ల మట్టికుండల మీద. రెండున్నర వేల ఏళ్ల నాటివి. వాటి మీద యోధులంతా నిలువెల్లా నలుపు. ముఖాలన్నీ ఒక్క అచ్చు. ఎవడు ఎవడో తెలియాలంటే చేతిలో ఏముందో చూడాలి, సూదిమొనతో గీకిన పేరు చదవాలి. ఆ పేర్ల గురించే నూటనలభై పేజీలు రాశాడు. నెల తిరిగితే డాక్టరేటు.

మూడింటికి షిఫ్టు వదిలారు.

బావి నుంచి క్వార్టర్లకు తుమ్మచెట్ల మధ్య అడ్డదారి ఉంది. అక్కడ మురికికాలువ మీది మోరీ గోడ వెనక శాంతిరాజ్ కూర్చున్నాడు. ఒళ్లో ఇనుప రాడ్డు. అతను బావను చూసింది పెళ్లిలో, ఆ తర్వాత మరో రెండుసార్లు. ఎత్తూ ఒడ్డూ గుర్తున్నాయి. సరిపోతుందనుకున్నాడు.

సరిపోలేదు. వస్తున్నవాళ్లంతా తల నుంచి కాలిదాకా బొగ్గే. అందరూ అలసి, అందరూ వంగి. ఎవడు ఎవడో కన్నతల్లి కూడా చెప్పలేదు. కానీ శాంతిరాజ్‌కి ఈ విద్య వచ్చు. ముఖాలు వదిలేసి చేతులు చూడటం మొదలుపెట్టాడు.

చివరగా ఒక పొడుగాటి మనిషి ఒంటరిగా వచ్చాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. మూత మీద చుక్కలుగా కొట్టిన అక్షరాలు. మోరీ దాటుతుంటే మూరెడు దూరంలో స్పష్టంగా కనిపించాయి.

రిచర్డ్.

మొదటి దెబ్బ వెన్ను మీద పడింది. మనిషి బోర్లా కూలాడు. ఊపిరంతా ఒక్కసారే పోయినట్టుంది, నోట్లోంచి మాట రాలేదు. రెండో దెబ్బ కుడి మోచేతి మీద. ఎముక పటుక్కుమంది. ఆ చప్పుడు శాంతిరాజ్ విన్నాడు. అయినా ఆగలేదు. అక్క చెయ్యి విరిగినప్పుడు బావ ఆగాడా? మణికట్టు మీద కొట్టాడు. ఎడమచెయ్యి నేలను గీరుకుంటూ లేవబోతే దాన్నీ కొట్టాడు. వేళ్లు నలిగాయి. మళ్లీ కొట్టాడు. బొగ్గు మీద రక్తం కూడా నల్లగానే కనిపించింది. ఆ మనిషి మట్టిలో ముఖం పెట్టి మూలిగాడు. తర్వాత మూలగడం కూడా మానేశాడు.

తిప్పి ముఖం చూడాలనిపించలేదు. చూస్తే జాలి కలుగుతుందేమోనని భయం.

రాడ్డు మురికికాలువలో పడేశాడు. డబ్బా మాత్రం వదల్లేదు. అక్కకు చూపించాలి. ఇక ఆ ఇంటికి పోయినా కొట్టే చేతుల్లేవని ఆమె కళ్లారా నమ్మాలి. చొక్కా అంచుతో రక్తం తుడిచి చంకలో పెట్టుకున్నాడు.

దవాఖానలో గ్లోరియా ఇంజక్షన్ మత్తులో నిద్రపోతోంది. పూలమ్మ పక్కనే కూర్చుని పళ్లెంతో విసురుతోంది. శాంతిరాజ్ డబ్బాను అక్క దిండు పక్కన పెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత హాయిగా ఊపిరి పీల్చినట్టనిపించింది.

“అక్క లేస్తే ఇది చూడాలె,” అన్నాడు. “ఇగ ఆమెకు ఏ ఫికర్ లేదు.”

పూలమ్మ డబ్బాను చేతిలోకి తీసుకుంది. కొంగుతో బొగ్గు తుడిచి నవ్వింది.

“మా పెండ్లికి రిచర్డన్న తన పేరు కొట్టిచ్చి పెట్టిన డబ్బా గిది, మా ఆయన నీకెక్కడ కలిసిండు తమ్మీ?”