మూడో అంకంలో ముఖం

"ఆ పిల్ల చచ్చిపోతున్నట్టు లేదమ్మాయ్. పిండి డబ్బాలో తలపెట్టి తీసినట్టుంది."

వసుమతి చేతిలో పౌడర్ పఫ్ ఆగిపోయింది.

గుమ్మంలో ఒక పెద్దావిడ. నేతచీర, దానిమీద మగవాళ్ళ కోటు, మేజోళ్ళ మీద చెప్పులు.

"మీరెవరండీ?"

"అనంతలక్ష్మి అంటారు. మావాడు ఆఫీసు నుంచొచ్చి తీసుకెళ్ళేదాకా పైన లైబ్రరీలో కూర్చుంటా. నువ్వు మీ పిల్లని కేకలేస్తుంటే, మన భాషే అని దిగొచ్చా."

షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఆ లైబ్రరీ కింద ఒక చిన్న నాటకాల స్టేజీ ఉంది. ఎనభై మూడులో అక్కడ విక్టోరియా రాణి కాలం నాటి ఓ ఇంగ్లీషు నవలని నాటకంగా వేస్తున్నారు. హీరోయిన్ మూడో అంకంలో క్షయతో పోతుంది. పాత్రలందరికీ జుట్టూ, మేకప్పూ వసుమతివే.

ఎనిమిదో క్లాసులో బడి మానిపించి పెళ్ళి చేశారు ఆమెకి. ఇంగ్లీషు పుస్తకం ఇస్తే బొమ్మలే చూస్తుంది. చూసింది చూసినట్టు వేళ్ళు చేసేస్తాయి. పాఠాలు చెప్పే పంతులమ్మకి నడినెత్తిన పాపిడి, చెవులమీదుగా నున్నటి దువ్వుడు. జమీందారు పెళ్ళానికి నుదుటి మీద ఉంగరాలు. అన్నీ కుదిరాయి.

ఈ చావొక్కటే కుదరటం లేదు.

డైరెక్టర్ డోరిస్ ముందురోజే చెప్పేసింది. "శనివారం డ్రెస్ రిహార్సల్‌కి ఈ ముఖం సరిగ్గా రాకపోతే షికాగో నుంచి ఇంకొకర్ని పిలుస్తాను, వసూ. సారీ."

మొగుడు శ్రీధర్‌కి ఉద్యోగం పోయి మూడు నెలలు. ఇప్పుడు ఇదీ పోతే? తలుచుకుంటే ఏడుపు రావాలి. రావటం మానేసింది.

"మీరు చూశారా, పోయేవాళ్ళని?" పుల్లవిరుపుగానే అడిగింది వసుమతి.

"చూశాలే."

ఆవిడ లోపలికొచ్చి స్టూలు లాక్కుంది. వేషం వేసే అమెరికన్ పిల్ల ఒక్క ముక్కా అర్థంకాక నవ్వుతూ కూర్చుంది. ఆ పిల్ల ముఖాన్ని ఆవిడ ఎగాదిగా చూసింది.

"తెల్లగా అవరమ్మాయ్. మైనంలా అవుతారు. ముక్కు పక్కల నీలం, చెవి తమ్మెలు నీలం. పెదాలు ఎండి పొరలు లేస్తాయి. అవునూ, ఆ కొప్పేమిటి?"

"పుస్తకంలో ఉందండీ."

"బావుంది. మంచానపడ్డ మనిషికి అంతేసి కొప్పు పెడితే తల దిండుకి ఎలా ఆనుతుందే? రెండు వదులు జడలు వేసి, భుజాల మీంచి ముందుకి తీసుకురా. కావలసినవాళ్ళెవరో దగ్గరుండి వేసినట్టుంటుంది."

వసుమతికి ఒళ్ళు మండాలి. మండలేదు. విసుగొచ్చింది, అంతే.

ఇంతలో వసుమతి కూతురు, మూడేళ్ళ మీనా, దువ్వెన తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "అమ్మమ్మా, జడ!"

ఆవిడ గబుక్కున చేతులు రెండూ కోటు జేబుల్లో దోపుకుంది. "నేనొద్దు బంగారం. మీ అమ్మచేత వేయించుకో."

'అబ్బో, మహారాణి!' అనుకుంది వసుమతి.

మర్నాడూ దిగింది ఆవిడ.

"నిన్న గోళ్ళ సంగతి చెప్పడం మర్చిపోయా. ముందు రంగు మారేది అవే. ఆ తర్వాత వేళ్ళు చల్లబడి..."

మీనా తన గోళ్ళకేసి చూసుకుంది. "అమ్మా, నేను కూడా చచ్చిపోతానా?"

పిల్ల రెండుసార్లు దగ్గితే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషి వసుమతి. పిల్లని దగ్గరికి లాక్కుంది.

"పిల్ల ముందు ఏం మాటలండీ అవి! మీకు వేరే కబుర్లే లేవా? దండం పెడతాను, ఇక్కడికి రాకండి."

ఆవిడ లేచింది. "పిల్లుందని చూసుకోలేదమ్మాయ్. తప్పే."

మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. మళ్ళీ రాలేదు.

శనివారం, మళ్ళీ పౌడరే దట్టించిన ఆ పిల్ల ముఖం చూసి డోరిస్ తల అడ్డంగా ఊపింది. "దెయ్యంలా ఉంది, వసూ. మనిషిలా లేదు. ఇంకా పది నిమిషాలుంది, ఏం చేస్తావో చెయ్యి."

వసుమతి ఏమీ ఆలోచించలేదు. తెల్లదనమంతా తుడిచి పారేసింది. మైనం రంగు. ముక్కు పక్కల నీలం. చెవులు. గోళ్ళు. కొప్పు విప్పి రెండు వదులు జడలు వేసి ముందుకి తెచ్చింది.

స్టేజీ మీద దీపాలు వెలిగాయి. మంచం మీద ఆ పిల్ల తల పక్కకి వాలింది. కింద కూర్చున్న పదిమందిలో ఒక్కరూ కదల్లేదు.

డోరిస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ సీజనంతా నువ్వే చెయ్యాలి. ఎక్కడ నేర్చుకున్నావ్ ఇదంతా?"

సంతోషం రావలసిన చోట వసుమతికి ఏమీ లేదు. "ఒక ఆంటీ చెప్పింది" అంది.

ఆదివారం పొద్దున్నే పై వాటాలో ఉండే రాధారాణికి ఫోన్ చేసింది. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళందర్నీ ఎరిగిన మనిషి రాధారాణి.

"అక్కా, అనంతలక్ష్మిగారని ఒకావిడ, చీరమీద మగవాళ్ళ కోటు వేసుకుంటారు. వాళ్ళ నంబరుందా? ఒక్కమాట చెప్పుకోవాలి."

"మోహన్ వాళ్ళమ్మా? అయ్యో, నీకు తెలీదుటే! బుధవారం నిద్రలోనే పోయింది. నిన్ననే అంతా అయిపోయింది."

వసుమతి ఫోను తీగని వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"ఆ అవతారం చూడలేకపోయామే తల్లీ" అంది రాధారాణి. "ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు ఎర్ర లిప్‌స్టిక్ పూసి, బుగ్గలకి రంగేసి, జుట్టు ఉంగరాలు తిప్పి పడుకోబెట్టారు. ఇరవైమంది ఆడవాళ్ళం చుట్టూ నిలబడ్డాం. ముట్టుకోడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు."

"అదేంటక్కా, అంతమంది ఉండి?"

"మాకెవరికి తెలుసే? పన్నెండేళ్ళ నుంచీ ఇక్కడ మన ఆడవాళ్ళెవరు పోయినా, వాళ్ళు పూసిన రంగులన్నీ తుడిచి, తల దువ్వి, జడేసి సాగనంపింది ఆవిడేగా!"