పదో బోల్టు

నాన్న నడిపిన పాత కారు ఇంజిన్‌ని విప్పి మళ్లీ కూర్చడంలో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పద్ధతి. అన్న బిగించిన బోల్టుని తమ్ముడు పానా వేసి సరిచూసి, గట్టిగా ఉంటేనే దానిమీద సుద్దముక్కతో గీత గీసేవాడు. ఆ తమ్ముడు పోయి నెలైంది.

ఆ రాత్రి అన్న ఒక్కడే ఇంజిన్ హెడ్డుకున్న పది బోల్టులూ బిగించి, షెడ్డు మూలనున్న తొట్టిలో చేతులు కడుక్కుని వచ్చాడు. తొమ్మిదింటి మీద తెల్లటి గీతలున్నాయి. షెడ్డు తలుపుకి లోపలి గడియ వేసింది వేసినట్టే ఉంది. గీత లేని పదోదానికి పానా వేస్తే అరచుట్టు తిరిగింది.

"డేగకళ్లురా నీవి" అన్నాడు.

ఇదొక్కటీ బిగిస్తే వాడికిక ఇక్కడ పనేముంది?

గీతలన్నీ వేలితో తుడిచేసి, బోల్టులు ఒక్కొక్కటే వదులు చేయసాగాడు.