పాడుకునే హక్కు

“ఇంకెవరూ అంటే... నేను కూడానా?” మూత తీసిన పెన్ను అలాగే పట్టుకుని అడిగింది ఆమె.

బల్లకు అవతల కూర్చున్న బొమ్మల కంపెనీ మేనేజరు ముఖం చిట్లించాడు. పక్కనున్న లాయరమ్మ మాత్రం కాగితం మీద ఆ మాట దగ్గర వేలు పెట్టి ఓపిగ్గా చెప్పింది.

“అవునమ్మా. ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ అంటే అదే. పాటకు సొంతదారు మీరే. వాడుకునే హక్కు మాత్రం కంపెనీ ఒక్కదానిదే. ఇంకెవరూ వాడకూడదు. ఆ ఇంకెవరిలో మీరూ వస్తారు.”

“ఇల్లు అద్దెకిచ్చినట్టా?”

“అలాగే అనుకోండి. ఇల్లు మీదే అయినా, అద్దెకిచ్చాక మీ ఇష్టమొచ్చినప్పుడు తలుపు తోసుకుని లోపలికెళ్ళలేరుగా.”

ఆమె పెన్నుకు మూత పెట్టేసింది.

ఆ జోలపాట ఆమె సొంతంగా కట్టుకున్నది. బడి మధ్యలోనే మానేసిన మనిషి. పక్కింటావిడ గోడ అవతలనుంచి విని, ఫోన్లో రికార్డు చేసి తెలిసినవాళ్ళకు పంపితే, ఆ గొంతు ఊరంతా తిరిగి ఈ కంపెనీ చెవిన పడింది. నొక్కితే పాడే కుందేలు బొమ్మలో ఆ పాట పెడతామన్నారు. పెట్టె మీద ఆమె పేరు అచ్చు వేస్తామన్నారు. ఆ కబురు విన్న రోజు ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. పెళ్ళి శుభలేఖలో తప్ప ఆ పేరు ఎక్కడా అచ్చయిన పాపాన పోలేదు మరి.

“ఇంట్లో పాడుకుంటే ఎవరొచ్చి పట్టుకుంటారమ్మా? మీ గోడకు చెవి ఆనించి కూర్చోవడమేనా మా పని?” నవ్వేశాడు మేనేజరు.

“ఇంట్లోనే అయితే సరిపోదు సార్. బస్సులో పాడాలి, ఆసుపత్రి వరండాలో పాడాలి. బుజ్జమ్మ ఎక్కడ మారాం చేస్తే అక్కడ పాడాలి. అయినా, నా పాట నేను దొంగచాటుగా పాడుకోవడమేంటి? నేను పాడితే మీ కుందేలు గొంతు పోతుందా?”

లాయరమ్మ నవ్వు ఆపుకోడానికి దగ్గింది.

“ఎన్నాళ్ళు పాడతారమ్మా!” అన్నాడు మేనేజరు. “పిల్లలు ఇట్టే ఎదిగిపోతారు. మావాడికి ఇప్పుడు జోల పాడితే, ‘పరువు తీయకు నాన్నా’ అంటాడు. పోనీ, మీ బుజ్జమ్మ పెద్దయ్యేదాకా మీకు మినహాయింపు రాద్దాం. ఆ తర్వాత పూర్తిగా మాకే. సరేనా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “అలా గడువు పెడితే కుదరదు సార్. ఎన్నాళ్ళు కావాలో నా చేతిలో లేదు.”

“మహా మొండి మనిషే మీరు!”

“బుజ్జమ్మ ముందు నేనెంత సార్!” ఆ మాట గర్వంగానే అంది.

“ఒక్కసారి తీసుకురావాల్సింది, చూసేవాళ్ళం. ఫోటో పెట్టె మీద వేస్తే బొమ్మ ఇంకా బాగా పోతుంది.”

“ఫోటో మాత్రం అడక్కండి. బుజ్జమ్మను ఎవరి కంటా పడనివ్వం.”

“దిష్టి తగులుతుందనా?”

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది.

మేనేజరు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. “అయితే మేము ఇంకో పాట చూసుకుంటాం. పెట్టె మీద ఇంకొకరి పేరు వస్తుంది. తర్వాత బాధపడి లాభం లేదు.”

పేరు అచ్చులో చూసుకోవాలని ఆమెకెంతో ఉంది. అయినా లేచి నిలబడింది. “చూసుకోండి సార్. మా బుజ్జమ్మకు చూసుకోడానికి ఇంకో పాట లేదు.”

అంతలో ఆమె ఫోను మోగింది. అవతల భర్త గొంతు గదిలో అందరికీ వినబడేంత గట్టిగా ఉంది.

“ఎక్కడున్నావే? బుజ్జమ్మ ముద్ద నోట్లో పెట్టనివ్వడం లేదు. గిన్నె నా మీదకే తోసింది. నువ్వెక్కడని ఏడుస్తోంది.”

“ఫోను చెవి దగ్గర పెట్టండి.”

కిటికీ వైపు తిరిగి అక్కడే అందుకుంది.

“నిదరమ్మా నిదరమ్మా, చెప్పులు బయటే విడిచి రా... సడి చేస్తే ఊరుకోదు, మా బుజ్జమ్మకు కోపమెక్కువ...”

అవతల వెక్కిళ్ళు తగ్గాయి. కాసేపటికి “ముద్ద తీసుకుంది” అన్నాడు భర్త మెల్లగా.

లాయరమ్మ మేనేజరు వైపు తిరిగింది.

“మనం ఇష్టపడింది ఈవిడ ఇలా పాడుతుంటే విన్న పాటే కదా సార్? ఆ పాడటమే ఆపించి తీసుకుంటామా? సోల్ లైసెన్స్ రాద్దాం.”

“అదేంటమ్మా?” అడిగింది ఆమె.

“కంపెనీకి తప్ప బయటవాళ్ళెవరికీ మీరు ఇవ్వకూడదు. కానీ సొంతదారుగా మీరు మాత్రం ఎక్కడైనా, ఎప్పటిదాకా అయినా పాడుకోవచ్చు.”

మేనేజరు కాసేపు బుర్ర గోక్కున్నాడు. చివరికి, “రాయండి. ఈవిడతో నేను వేగలేను” అన్నాడు.

కాగితం మీద ఆ మాట మారింది. ఆమె ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేసింది.

ఇంటికి వచ్చేసరికి భర్త అన్నం మరకల చొక్కాతోనే తలుపు తీశాడు. “ఏమైంది?”

“పాట వాళ్ళకిచ్చాను. నాకూ ఉంచుకున్నాను.”

“గట్టిదానివే!” అన్నాడతను. ఆ కళ్ళలో మెరుపు చూసి ఆమె మనసు నిండిపోయింది.

లోపల మంచం మీద బుజ్జమ్మ ఆమెను చూడగానే చేతులు చాచింది. కొంగు దొరకబుచ్చుకుని పిడికిట్లో బిగించింది.

“మన పాట బొమ్మలో వస్తుందిట బుజ్జమ్మా. పెట్టె మీద నా పేరు, పాటలో నీ పేరు. వీధిలో అందరికీ వినబడేలా పాడనా?”

కిటికీ తలుపులు బార్లా తెరిచి, గొంతెత్తి పాడింది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి విన్నారు. మెల్లమెల్లగా కొంగు మీద పిడికిలి సడలింది, ఊపిరి నెమ్మదించింది.

నుదుటి మీది తెల్లజుట్టు సర్ది, కోడలు అత్తగారికి దుప్పటి కప్పింది.