నలభయ్యో ర్యాంకు

హెడ్‌మిస్ట్రెస్ గౌరీశ్వరి ర్యాంకుల కాగితాన్ని బల్లకేసి కొట్టిన దెబ్బకి, గోడమీది బల్లి తోక అక్కడే వదిలేసి, అనకాపల్లి చేరాక గాని వెనక్కి తిరిగి చూడలేదు.

మార్కుల్ని బట్టి వరసపెట్టిన సర్కారు బళ్లు మొత్తం నలభై. మల్కాపురంలో ఆవిడ నడిపే బడి నలభయ్యోది. మొదటిది డబ్బున్నవాళ్లుండే సీతమ్మధారలో ఉంది.

కాగితం కింద ఇంకో ముక్క. ఆఖరి బడిని నెలాఖరుకి రోడ్డవతలి పెద్దబడిలో కలిపేస్తారట.

ఆయిల్ ట్యాంకర్లు పరిగెత్తే ఆ రోడ్డు దాటించి ఆడపిల్లల్ని ఏ తల్లి పంపుతుంది? సగంమంది చదువు మానేస్తారు. ఆవిడ మంట అదీ.

"మేడమ్, కిందెవడో పిల్లల్ని కూకోబెట్టి ఏటో రాసీసుకుంటన్నాడు," అన్నాడు అటెండర్ గురువులు.

గౌరీశ్వరి కిటికీలోంచి చూసింది. అరిగిన చెప్పులు, సన్నటి మనిషి. ఆరో తరగతి రాణి పక్కన మెట్టుమీద కూర్చున్నాడు. ఒళ్లో లావుపాటి నోటుపుస్తకం.

"కుళాయి ఎన్నింటికొస్తుందమ్మా?"

"తెల్లారగట్ల నాలుక్కి సారూ. నానే పట్టాల. అమ్మ సేపల రేవుకెళిపోద్ది."

"నాన్న?"

"అచ్యుతాపురం కంపెనీ. ఆదివారం వొస్తాడు."

"మరి చదువుకునేదెప్పుడు?"

"తమ్ముడు పడుకుంటే."

ఆయన రాసుకున్నాడు.

"ప్రైవేటు బడోడే మేడమ్," గురువులు గొంతు తగ్గించాడు. "నిరుడు ఇలాగే అడ్రసులు రాసుకుని, బ్యాగులు ఊరికే ఇస్తామని పదకొండు మందిని ఎగరేసుకుపోలేదేటి?"

మేడ మెట్లు పన్నెండు. ఆవిడ మూడే తొక్కింది.

"ఏటి రాస్తన్నావ్?" కోపమొస్తే ఆవిడకి ట్రైనింగు తెలుగు పోయి పుట్టింటి తెలుగు వచ్చేస్తుంది.

"నమస్కారమమ్మా. పిల్లల ఇళ్ల సంగతులు..."

"నీకెందుకు? పిల్లకింతని ఎంతిస్తారు నీకు?"

"అలాంటివాణ్ణి కాదమ్మా. ముందే చెప్పొస్తే ముస్తాబు చేసిన పిల్లల్నే చూపిస్తారని..."

"ఓహో! దొంగతనానికి కారణం కూడానా!"

పుస్తకం లాక్కుని గేటు పక్క మురిక్కాలవలోకి విసిరింది. అది రెండు మునకలేసి తూములోకి పోయింది.

"నూట డెబ్భై ఇళ్లు తిరిగానమ్మా," అన్నాడాయన మెల్లగా.

"గాజువాక దాకా తిరుగు, నాకేటి! ఇంకోసారి ఈ గేటు తొక్కితే కాళ్లు విరిగిపోతాయి!"

ఆయన తూము వైపు కాసేపు చూశాడు. ఇక రాయడానికేం లేదన్నట్టు పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

గురువులు చప్పట్లు కొట్టాడు.

బడి కలిపెయ్యమని ఆర్డరొచ్చిన రోజు గౌరీశ్వరి ఏకంగా విద్యాశాఖ ఆఫీసు మీదికే దండెత్తింది. సూపరింటెండెంట్ సూర్యకళ టేబుల్ మీద టీగ్లాసు జానెడు ఎగిరిపడింది.

"తెల్లారకముందే నీళ్లు మోసే పిల్లనీ, కార్లో ట్యూషన్‌కెళ్లే పిల్లనీ ఒక్క గీత దగ్గర నిలబెట్టి పరుగు పందెం పెడతారా? మా రాణి బడికొచ్చిననాడు దానికి అక్షరం రాదు. ఇవాళ పేపరు గడగడా చదువుతాది. అదెక్కడుంది మీ లెక్కలో? మీ ఆఫీసులో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వచ్చి చూశాడా?"

సూర్యకళ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఒకాయన చూశాడు మేడమ్. గవర్రాజుగారని, మా లెక్కల గుమాస్తా. ఇంటి పరిస్థితి చూడకుండా బడికి ర్యాంకివ్వడం అన్యాయమని పెద్దాఫీసరుతో గొడవపడ్డాడు. గడువులోగా రుజువు తెస్తే లిస్టు మారుస్తానన్నారాయన. పాపం, సెలవు పెట్టి మీ మల్కాపురమంతా ఇల్లిల్లూ తిరిగాడు."

గౌరీశ్వరి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి... ఆ రుజువు?"

"గడువునాటికి ఖాళీ చేతుల్తో వచ్చాడు మేడమ్. పుస్తకమేదయ్యా అంటే, తన చేతిలోంచే జారి మురిక్కాలవలో పడిపోయిందన్నాడు."