వాసనకి కోడ్ లేదు

దవడ రెండు చోట్ల విరిగింది. ముందు పళ్లు మూడు లేవు. పక్కటెముకలు నాలుగు విరిగాయి, కుడి మణికట్టు కూడా.

కోడర్ ఒక్కో దెబ్బకూ కోడ్ వేసుకుంటూ పోయాడు. ఆసుపత్రి కింది అంతస్తులో అతని ఉద్యోగం అదే. డాక్టర్లు రాసినదాన్ని అంకెల్లోకి మార్చాలి. వాళ్లు రాయనిది, కళ్లెదుట కనిపిస్తున్నా సరే, వెయ్యకూడదు. ఫైళ్ల మీద పేర్లుండవు, నంబర్లే. పొద్దున వస్తూనే ఈ ఫైలును వరసలోంచి తనే ఏరి తీసుకున్నాడు.

కీబోర్డు మీద కుడిచేతి కణుపులు భగ్గుమంటున్నాయి. మొన్న బండి మీద నుంచి పడ్డానని అందరికీ చెప్పాడు. పక్కన స్టీలు బాటిల్. పావుగంటకో గుక్క పడాల్సిందే. ఏసీ గదిలో కూర్చుని ఇంత దాహమేమిటయ్యా, కడుపులో ఇసుక పోసుకున్నావా అని తోటివాళ్లు ఆటపట్టిస్తుంటారు.

పేషెంటు భర్త చెప్పిన మాటలను క్యాజువాల్టీ నర్సు రాసుకుంది. భార్య ఆరేళ్లుగా రోజూ తాగుతుంది. ఆ రోజు తాగి, ఏడేళ్ల కూతుర్ని జుట్టు పట్టుకుని గదిలోంచి ఈడ్చుకొచ్చింది. పిల్ల తలను గోడకేసి కొట్టబోయింది. సీసా పగలగొట్టి మీదికి దూకింది. భర్త అడ్డం పడితే అతని మీదా కలబడింది. ఆ పెనుగులాటలో మేడ మెట్ల మీద నుంచి బోర్లా పడింది.

ఇంత రక్తం పారితే డాక్టరు రాసింది ఒక్క ముక్క: ‘బట్టల నుంచి మద్యం వాసన.’

కోడర్‌కు ఒళ్లు మండిపోయింది. సోమవారం కోర్టులో పాప ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తారు. జడ్జి ముందుకు వెళ్లేది ఈ ఫైలే. పాప ఆమె చేతికి పోకూడదు. అతనికి తెలిసింది అదొక్కటే.

ఒక్క ఫైలుతో పూట గడిపేస్తున్నావేమిటని సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి అడిగింది.

“ఒక పాప బతుకు దీని మీద ఉంది మేడమ్,” అన్నాడు. ఆవిడ తన సీటుకు వెళ్లిపోయింది.

తాగుడు సంగతి తేల్చమని డాక్టరుకు ప్రశ్న పంపాడు. జవాబు మన నోటితో అందించకూడదు, ఉన్నవి చూపించి అడగాలి. అందుకే వార్డు నర్సు రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశాడు: ‘సాయంత్రం విజిటింగ్ వేళ చేతులు వణికాయి, చెమటలు పోశాయి.’

మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేశాడు. గొంతులో విసుగు.

“వాసన వస్తోందని రాశాను కదయ్యా?”

“వాసనకి కోడ్ లేదు సార్. ఎప్పుడైనా తాగడమా, హద్దు మీరి తాగడమా, వ్యసనమా, లేక ఏదీ కాదా, మీరే తేల్చాలి.”

“ఆవిడనే అడుగుదామంటే దవడలు తీగెతో బిగించేశాం. రాయిద్దామంటే చెయ్యి కట్టులో ఉంది. మొగుడేం చెప్పాడట?”

“ఆరేళ్లుగా రోజూ అని ఉంది సార్.”

అటువైపు కాసేపు కాగితాల చప్పుడు.

“రోజూ తాగడం, మానేస్తే వణుకు. వ్యసనమే. రాసి సంతకం పెడతాను.”

పది నిమిషాల్లో సంతకం వచ్చింది. కోడర్ కోడ్ వేసి, ఫైలు మూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంత శ్రద్ధగా చదివే మనిషి మన సెక్షన్‌లో ఇంకొకడు లేడని మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. అతను సిగ్గుపడి తలవంచుకున్నాడు.

సాయంత్రం విజిటింగ్ బెల్లు మోగగానే కోడర్ స్టీలు బాటిల్లో మిగిలిన వోడ్కాను గొంతులో పోసుకుని, పై అంతస్తు వార్డుకు వెళ్లి, తనను చూడగానే వణకడం మొదలుపెట్టిన భార్య చేతిని నిమురుతూ, “సోమవారం పాపను నాకే ఇస్తారు,” అన్నాడు.